శీనాకు, నావారో దారి గురించి

రేయ్ శీనా,

నీ ఉత్తరం శనివారం అందింది. బెంగళూరు నుంచి పెండ్లి కబురేమో అనుకుని మా అమ్మే ముందు విప్పింది. చూస్తే నాలుగు పేజీల నిండా ‘మళ్లీ చచ్చాను, మళ్లీ చచ్చాను’. అది ఫాలౌట్ 2 అనే వీడియో గేమ్‌లేమ్మా అని నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఈసారి మొదటి లైన్లోనే గేమ్ అని రాయి.

1998 నాటి ఆటను ఇప్పుడు మొదలుపెట్టావు, సంతోషం. అణుయుద్ధంలో ప్రపంచం బూడిదైపోయాక, 2241లో నడిచే కథ అది. అందులో అడ్వాన్స్‌డ్ పవర్ ఆర్మర్‌ను మించిన కవచం చేతికి రావడం చాలా కష్టం. నువ్వేమో దాన్ని తుపాకీతో కొట్టి తెచ్చుకోవాలని చూస్తున్నావు. అందుకే చస్తున్నావు. అది నోటితో సంపాదించాల్సిన సరుకు రా, మనం డిగ్రీలో భోజనాలు సంపాదించినట్టు.

గుర్తుందా, మెస్ మూసేసిన ఆ ఆదివారం? మంచి ముహూర్తం, తిరుపతిలో ఏ కల్యాణమండపం చూసినా మేళమే. ఉన్న రెండు ఇస్త్రీ చొక్కాలూ వేసుకుని పోయాం. గుమ్మం దగ్గర పన్నీరు చల్లే పెద్దాయన ‘ఎవరి తరఫు నాయనా’ అంటే నేను నీళ్లు నమిలాను. నువ్వు మాత్రం చందనం గిన్నెలో వేలు ముంచుతూ, ‘పెండ్లికొడుకు తరఫండీ’ అన్నావు, సొంత బాబాయి ఇంటికి వచ్చినట్టు. విస్తరి ముందు కూర్చోబోతుంటే పట్టుపంచె ఆయన ఒకడు ఊడిపడ్డాడు. ‘మగపెండ్లివారై ఉండి మొదటి బంతికే కూర్చుంటారా? సిగ్గులేదూ? పోయి సాంబార్ బకెట్ పట్టుకోండి!’ రెండు బంతులు వడ్డించాం. మూడో బంతిలో ఆయనే పక్కన నిలబడి మనకు రెండేసి లడ్లు వేయించాడు.

నావారోలో జరిగేది అచ్చం ఇదే. ఆటలో ఎన్‌క్లేవ్ అనే శత్రువర్గం సైన్యం దాక్కున్న స్థావరం అది, ఆ కవచం దొరికేది అక్కడే. బయట పాడుబడ్డ పెట్రోల్ బంకు దగ్గర ముసలాడి వేషంలో క్రిస్ అని ఒకడుంటాడు. వాడే మన పన్నీరు పెద్దాయన. తుపాకీ తీయకు. సైన్యంలో చేరడానికి వచ్చానని చెప్పు. గేటు దగ్గర చెప్పాల్సిన రహస్య పదం వాడే ఇస్తాడు. లోపల అడుగుపెట్టాక సార్జెంట్ డోర్నన్ తగులుతాడు, అదే పట్టుపంచె. ‘యూనిఫాం ఏదిరా? నీ పవర్ ఆర్మర్ ఏది?’ అని గాలి ఆడనివ్వడు. నువ్వు దాన్ని పోగొట్టావని ఆయనే తేల్చేస్తాడు. దాని ఖరీదు జీతంలో కోస్తే బాకీ తీరేసరికి నీకు 510 ఏళ్లు వస్తాయని లెక్క కూడా చెప్తాడు. మొదటిసారి ఆ తిట్లు విన్నప్పుడు నవ్వలేక కుర్చీలోంచి జారిపోయాను. తిట్టి తిట్టి చివరికి, పోయి కొత్తది తీసుకోమంటాడు. కింది అంతస్తుకు పోయి తెచ్చి తొడుక్కోవడమే. ఒక్క గుండు కూడా ఖర్చు కాదు.

ఇక దారి. ఆట మొదలయ్యే ఊరు ఆరోయోలో గుడి పరీక్ష ఎలాగూ తప్పదు. అది ముగిశాక తీరం వెంబడి దక్షిణానికి పో. దారిలో ఎన్‌క్లేవ్ గస్తీ ఎదురైతే పౌరుషం చూపించకు. మ్యాప్ అంచుకు పరుగెత్తి బయటపడు. అవుట్‌డోర్స్‌మన్ అనే బయలు ప్రయాణాల నైపుణ్యానికి కొన్ని పాయింట్లు వేస్తే ఇలాంటి తలనొప్పులు తగ్గుతాయి. ఆగిన ప్రతిచోటా సేవ్ చేసుకో. శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రదర్‌హుడ్ అనే ఇంకో వర్గం వాళ్లు ఇచ్చే మామూలు పవర్ ఆర్మర్ ఉందిగా అంటావేమో. దానికీ నావారో నుంచే కాగితాలు దొంగిలించి తేవాలి. ఎలాగూ పోతున్నప్పుడు పెద్దదే తెచ్చుకో.

కవచం దెబ్బను ఎలా ఆపుతుందని అడిగావు. టమోటా మండీ కొడుకువి, నీకు చెప్పడం సులభం. ముందు కూలి కింద ఇంత కోసి, మిగిలినదాంట్లో నూటికి ఇంత కమీషన్ పట్టుకుంటారు కదా, అదే లెక్క. తూటా దెబ్బ 25 అనుకో. తోలు కవచం ముందు 2 కోసి, మిగిలిన 23లో నూటికి 25 పట్టుకుంటుంది. నీకు 17 తగులుతుంది. అడ్వాన్స్‌డ్ పవర్ ఆర్మర్ మొదటే 15 కోసి, మిగిలిన 10లో నూటికి 55 పట్టుకుంటుంది. నీకు తగిలేది 4. చిన్న తుపాకులవాళ్లు ఎంత కాల్చినా వడగండ్లు రేకుల మీద పడ్డట్టే ఉంటుంది.

అలాగని నిర్లక్ష్యం వద్దు. క్రిటికల్ దెబ్బ, అంటే అదృష్టం కొద్దీ గట్టిగా తగిలే దెబ్బ, కొన్నిసార్లు కవచాన్నే దాటి లోపలికి దిగుతుంది. నేను అలా రెండుసార్లు పోయాను, రెండుసార్లూ ఆఖరి సేవ్ గంట కిందటిది. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. తొందరగా తెచ్చుకుంటే ఆట చప్పబడిపోతుందని కొందరంటారు. నేనొప్పుకోను. కవచం వచ్చినంత మాత్రాన గురి రాదు. మొదటి లెవెల్లో నువ్వు వాటర్ ట్యాంకులా కదలకుండా నిలబడి ఉంటావు. నీకు దెబ్బ తగలదు, నీ దెబ్బ కూడా ఎవడికీ తగలదు!

ఇంకొకటి, పాత్రను తయారు చేసేటప్పుడే చూసుకో. ఈ కవచం బలానికి 4 కలుపుతుంది. బలం 10 దాటదు. కాబట్టి ముందే 6 పెట్టుకుని, మిగిలిన పాయింట్లు చురుకుదనానికి మళ్లించు. నువ్వు 9 పెట్టావని రాశావు. మూడు పాయింట్లు స్వర్ణముఖి పాలు. వెంట వచ్చే సూలిక్‌కు, విక్‌కు కూడా కవచాలు తొడిగించవచ్చు. తెర మీద వాళ్ల రూపం మారదు గానీ దెబ్బలు ఆగుతాయి. ఇంకో తోడు మార్కస్ సూపర్ మ్యూటెంట్ అనే రాక్షసాకారుడు, వాడికి మాత్రం ఏదీ తొడగలేవు, వాడి శరీరం అంత.

ఇక్కడ మూడు రోజులుగా ముసురు. కపిలతీర్థంలో నీళ్లు దూకుతున్నాయని ఊరంతా అక్కడే ఉంది. నాకు తీరిక దొరకలేదు. కరెంటు పోతూ వస్తూ ఉంది, ఈ ఉత్తరం కూడా రెండు విడతలుగా రాశాను. నువ్వు మళ్లీ మొదటి నుంచి ఆడు, బలం 6తో. క్రిస్ అడిగినప్పుడు నీ నోరు ఎలా పనిచేసిందో రాయి. గుమ్మం దగ్గర నీళ్లు నమిలినవాడిని నేనే గనక, నాకు మూడోసారికి గానీ కుదరలేదు.

అమ్మ అడిగింది, పెండ్లి సంగతి నిజంగా ఏమీ లేదా అని.

నీ
చిన్నా