వార్డులవారీ లెక్కలు గోడ మీద పెట్టించండి

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మీ చదువుల పేజీలో విదేశీ ఎంబీబీఎస్ గురించి వేశారు కదండీ, అందులో బుడాపెస్ట్ సెమ్మెల్‌వైస్ యూనివర్సిటీ గురించి నాలుగు లైన్లున్నాయి. 1769లో మొదలైంది, హంగేరియన్, ఇంగ్లీషు, జర్మన్ మూడు భాషల్లో పాఠాలు, అంతే. ఆ పేరు ఎవరిదో ఒక్క ముక్క లేదు. నేను లేబర్ రూంలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఊరుకోలేక రాస్తున్నా.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు బుడాలో, అంటే ఇప్పటి బుడాపెస్ట్‌లో ఒక భాగంలో పుట్టినా అసలు పని జరిగింది వియన్నా జనరల్ హాస్పిటల్లో. అక్కడ కాన్పుల వార్డులు రెండు, మొదటిదాంట్లో మెడికల్ స్టూడెంట్లు నేర్చుకునేవాళ్లు, రెండోదాంట్లో మంత్రసానులు. 1846లో మొదటి వార్డులో 4,010 కాన్పులకి 459 మంది తల్లులు పోయారు, రెండోదాంట్లో 3,754కి 105 మంది. ఊళ్లో ఆడవాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు, మొదటి వార్డులో వెయ్యొద్దని మోకాళ్ల మీద పడి బతిమాలేవాళ్లట, దార్లోనే ప్రసవమై వచ్చినవాళ్లకి కూడా బాలింత జ్వరం తక్కువే వచ్చేది. చివరి ప్రార్థనకి వచ్చే ఫాదర్ గంట మోగిస్తుంటే విని భయంతో పోతున్నారేమోనని ఆయన దారి కూడా సెమ్మెల్‌వైస్ మార్పించి చూశాడు, లాభం లేదు.

1847 మార్చిలో కొలెచ్కా అనే ప్రొఫెసర్ పోస్ట్‌మార్టం దగ్గర స్టూడెంట్ కత్తి వేలికి గుచ్చుకుని చనిపోయాడు, ఆయన శవాన్ని కోసి చూసిన రిపోర్టు చదివితే అచ్చం బాలింత జ్వరంతో పోయినవాళ్ల రిపోర్టులాగే ఉంది. అప్పుడు తట్టింది సెమ్మెల్‌వైస్‌కి, శవాలు కోసిన చేతులతోనే వచ్చి కాన్పులు చూస్తున్నామని, సబ్బు పెట్టినా ఆ వాసన పోయేది కాదు మరి. మే నెల మధ్య నుంచి క్లోరిన్ కలిపిన సున్నం నీళ్లలో చేతులు కడగాల్సిందే అన్నాడు. అది మన పంచాయతీ వాళ్లు కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరే అండి, ఇంకేం మందు కాదు. మొదటి వార్డులో ఏప్రిల్లో 312 కాన్పులకి 57 చావులు, జూన్లో 268కి 6. 1848కల్లా రెండు వార్డుల్లోనూ నూటికి 1.3 దగ్గరకొచ్చేసింది.

అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, 1849లో ఆయన ఉద్యోగం పొడిగించలేదు. బుడాకి ఎదురుగా ఉన్న పెస్ట్ వెళ్లిపోయి అక్కడ సెయింట్ రోకుస్ హాస్పిటల్లో 933 కాన్పుల్లో 8 మందినే పోగొట్టుకున్నాడు, 1855లో అదే ఊరి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన వైపు కూడా లోపం ఉందిలెండి, పుస్తకం 1861 దాకా వెయ్యలేదు, తర్వాత ఒప్పుకోని ప్రొఫెసర్లని హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు, 47 ఏళ్లకే. యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టింది 1969లో.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. చేతులు కడుక్కోండి అనే పోస్టర్ మన ప్రతి హాస్పిటల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆయన నెగ్గింది రిజిస్టర్ వల్లండీ, వియన్నాలో ఏ వార్డు లెక్క ఆ వార్డుకి విడిగా రాశారు. రెండూ కలిపేసి ఉంటే 1846కి 7,764 కాన్పులు 564 చావులు అని ఒకే అంకె వచ్చేది, దాన్ని చూసి ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి? ఖర్మ అనుకునేవాళ్లు. మేమూ రాసేవాళ్లం రిజిస్టర్లు, డ్యూటీ దిగే టైంకి నిలబడి గబగబా గీతలు కొట్టి మరీ, పైకి వెళ్లేది మాత్రం అన్నీ కలిపిన ఒక్క టోటల్. ఏ థియేటర్లో చేసినవాళ్లకి ఎక్కువ కుట్లు చీము పట్టాయి అంటే మా నర్సులకి నోటి లెక్క తెలుసు, కాగితం మీద ఉండేది కాదు.

పిల్లల్ని బయటికి పంపే తల్లిదండ్రులు ఫీజెంత, హాస్టలుందా అని అడుగుతారు, అది వాళ్ల అవసరం, తప్పనను. పేపరు మాత్రం ఇంకొంచెం అడగొచ్చు. మీ జిల్లా రిపోర్టర్లని పెద్దాసుపత్రులకి పంపించి, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా సరే, పోయిన నెల ఎన్ని సిజేరియన్లు చేశారు, అందులో ఎంతమందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఏ వార్డులో ఎన్ని, ఈ మూడూ అడిగించండి, బయట బోర్డు మీద రాసి పెడతారా అని కూడా. ఇస్తే అచ్చెయ్యండి, ఇవ్వకపోతే ఏ హాస్పిటల్ ఇవ్వలేదో అదే అచ్చెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
ఖమ్మం