ముందు నేల పరీక్ష, తర్వాతే వేలం

మూతపడిన ఆయుధ కర్మాగారం స్థలాన్ని గంపగుత్తగా వేలం వేసి చేతులు దులుపుకుంటే ఊరికి ఉద్యోగాలు రావు. మందుగుండు నింపిన షెడ్ల కింది నేల వేరు, గోదాముల కింది నేల వేరు. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని కడిగిన నీరు ఎండ తగిలితే గులాబీ రంగుకు తిరుగుతుంది. అది పారిన కాలువల అడుగు మట్టిలో ఆ పేలుడు పదార్థం దశాబ్దాలు గడిచినా మిగిలే ఉంటుంది. లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్ నీటికన్నా బరువు కాబట్టి భూగర్భజలాల అడుక్కి దిగిపోతుంది, పైమట్టి మాత్రమే పరీక్షిస్తే దొరకదు. ఇవేవీ తేల్చకుండా పునాదులు తవ్వితే పని మధ్యలోనే ఆగుతుంది, బ్యాంకులూ అప్పివ్వడానికి జంకుతాయి. అమెరికాలోని జోలియెట్ ఆయుధ కర్మాగారం స్థలాన్ని విడగొట్టి సుమారు 19,000 ఎకరాలు గడ్డిభూములకు, 3,000 ఎకరాలు పరిశ్రమలకు కేటాయించారు. టీఎన్‌టీ కలిసిన మట్టిని కంపోస్టు పద్ధతిలో, అంటే సేంద్రియ పదార్థం కలిపి సూక్ష్మజీవులతో, శుద్ధి చేశారు. అలాగే పాత ప్లాంటు డ్రాయింగులు ముందు పెట్టుకుని, రైలు సైడింగు (సరుకు ఎక్కించి దించే పక్క పట్టాలు), సబ్‌స్టేషన్ ఉన్న శుభ్రమైన భాగాన్ని మొదట చిన్న యూనిట్లకు లీజుకివ్వాలి. ఆ అద్దెలో కొంత శుద్ధి నిధికి జమచేయాలి. భూగర్భజలాలను పరీక్షించడానికి తవ్విన పరిశీలక బావుల నీటి ఫలితాలను మూడు నెలలకోసారి అందరికీ కనిపించేలా నోటీసు బోర్డులో పెట్టాలి.