ఉచిత కచేరీలకు హాలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు స్ట్రింగ్ క్వార్టెట్ (నలుగురు కలిసి తీగవాద్యాలు వాయించే పాశ్చాత్య సంగీత పద్ధతి) కచేరీ ఉచితంగా చేశారు. రెండు వయోలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, నేలమీద ఆనించి వాయించే పెద్ద చెల్లో ఒకటి. మైకు లేదు. ముందు నిలబడి చేతులతో వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ కూడా ఉండడు కాబట్టి ఒకరి ఊపిరిని ఒకరు గమనిస్తూ, కళ్లతోనే సైగలు చేసుకుంటూ వాయించారు. పాశ్చాత్య సంగీతకర్త హైడన్ రచన మొదలవగానే అల్లరి చేస్తున్న చిన్నపిల్లలు మెల్లగా చెల్లో దగ్గరికి జరిగి కూర్చున్నారు. ఆ మంద్రస్వరం నేలలోంచి వస్తున్నట్టే ఉంది. త్యాగరాజ కీర్తనలు తప్ప ఇంకేమీ వినని మా పక్కింటి మామ్మగారు చివరిదాకా కదల్లేదు.

వయోలిన్ మనకు పరాయిది కాదు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానికి ఎంత గౌరవం తెచ్చారో పెద్దలకు తెలుసు. కానీ వయోలాను, చెల్లోను దగ్గరగా చూసే అవకాశం మన పిల్లల్లో ఎంతమందికి ఉంది?

హాలు కోసం ఆ నలుగురు కళాకారులు చాలాచోట్ల తిరిగారట. పెళ్లిళ్లకు తీసుకునే అద్దే అడిగారట. వినగానే మనసు చివుక్కుమంది. టికెట్ లేని కచేరీలకు నెలకో సాయంత్రమైనా మున్సిపల్ పార్కులు, కమ్యూనిటీ హాళ్లు అద్దె లేకుండా ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను. వాళ్లకు కావలసింది చేతులు లేని నాలుగు కుర్చీలు, కాస్త వెలుతురు, బయట డీజే మోత లేని ఒక గంట.

– ఒక సంగీతాభిమాని, హైదరాబాద్