అది గాండ్రింపేరా శీనుగా

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనుగా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, పిల్లది ఏడో తరగతికొచ్చింది, నా పొట్ట నువ్వు చూసినప్పటికంటే కొంచెం ముందుకొచ్చింది. క్షేమసమాచారాలు అయిపోయాయి. అసలు సంగతి ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ, నువ్వు పగలబడి నవ్వడం వినాల్సొస్తుందని కాగితం తీశాను.

పందెం నువ్వే గెలిచావురా.

ఏ పందెం అని అడిగావంటే చంపేస్తా. టామ్ అండ్ జెర్రీకి ముందు వచ్చే సింహం, మన ఊరి హాల్లో బాండ్ సినిమాకి ముందు అరిచిన సింహం వేరువేరని నువ్వు, ఒకటేనని నేను. పన్నెండు గోళీసోడాలు. 'దీని జూలు చూడరా, పొట్టిగా ఉంది' అని నువ్వు నెత్తీనోరూ కొట్టుకున్నావు. కానీ అంతకుముందే, సింహం చుట్టూ ఉన్న అక్షరాలు చదవమంటే 'అరిసె, గారె, అట్టు' అని చదివావు కదా, ఇక నీ మాట ఎవడు నమ్ముతాడు? (అది లాటిన్ అటరా. ఆర్స్ గ్రాటియా ఆర్టిస్, కళ కోసమే కళ. అరిసే నయం.)

మొన్న పిల్లది ఆ కార్టూన్ చూస్తూ 'నాన్నా, ఈ సింహం పేరేంటి?' అంది. లియో అన్నాను ధీమాగా. 'మరి ఇన్నేళ్లు ఎలా బతికిందీ?' అంది. అంతే, ఆ రాత్రి మూడింటి దాకా నాకు నిద్ర లేదు.

ఒక్క సింహం కాదురా, అరడజను పైనే! వేషానికి పేరు లియో, వేసేవాళ్లు మారుతుంటారు. అసలు ఆ బొమ్మ మొదట్లో ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ సినిమా కంపెనీ వాళ్లది కూడా కాదు. గోల్డ్విన్ కంపెనీలో పబ్లిసిటీ చూసే హోవర్డ్ డీట్జ్ అనే ఆయన, తను చదివిన కొలంబియా యూనివర్సిటీ ఆటల జట్ల గుర్తు సింహమని దాన్నే తెచ్చి పెట్టాడు. 1924లో మెట్రో, గోల్డ్విన్, మేయర్ కంపెనీలు కలిసినప్పుడు పుట్టింటి సారెలాగా అదీ వచ్చేసింది. మొదటివాడు స్లాట్స్, డబ్లిన్ జూలో పుట్టాడు. మూకీ రోజులు కదా, అరవడు, అటూ ఇటూ చూస్తాడంతే. మన హెడ్మాస్టారు ప్రేయర్లో చూసినట్టు. 1928లో జాకీ వచ్చి మొదటిసారి గొంతు వినిపించాడు. మన టామ్ అండ్ జెర్రీ వాడు టానర్. బాండ్ సినిమా వాడు మాత్రం 1957లో చేరిన కుర్రాడు. వయసు చిన్నది, అందుకే జూలు పొట్టి. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, ఏం చేయను!

ఆగు, ఇంకా ఉంది. కూర్చుని చదువు.

తెలుగు పరీక్షలో 'సింహం గాండ్రించెను' అని రాస్తే మాస్టారు అర మార్కు కోసి, 'పులి గాండ్రిస్తుంది, సింహం గర్జిస్తుంది' అని వందసార్లు రాయించారు, గుర్తుందా? ఎనభయ్యో సారి నుంచి నేనే రాసిపెట్టాను. ఇప్పుడు విను. 1982లో పోల్టర్‌గైస్ట్ అనే దెయ్యాల సినిమాకి పనిచేస్తూ మార్క్ మాంజినీ అనే సౌండ్ ఆయన ఈ అరుపుని కొత్తగా తయారుచేశాడు. నిజం సింహం గొంతు అంత భీకరంగా ఉండదని అందులో పులి అరుపులు కలిపాడు! మనం హాల్లో విన్నది అదేరా. సింహం నోరు తెరిచింది, పులి గాండ్రించింది. నీ అర మార్కు నీకు రావాల్సిందే. మాస్టారు ఉంటే ఈ కాగితం పట్టుకుని వెళ్లేవాణ్ణి... సర్లే.

ఒక్కటి మాత్రం నేను గెలిచాను. సింహాన్ని బల్లకి కట్టేసి ఎం.జి.ఎం. లోగో తీస్తున్నారంటూ వాట్సాప్‌లో నువ్వు పంపి, 'మనుషులు ఎంత దుర్మార్గులో' అని ఏడుపు బొమ్మలు పెట్టావే, అది జబ్బు చేసిన సింహానికి ఆస్పత్రిలో స్కానింగ్ చేస్తున్న ఫోటో. కాబట్టి పదకొండు సోడాలే.

అలాగని వాళ్లు దేవుళ్లేం కాదులే. 1927లో పబ్లిసిటీ కోసం లియోని విమానంలో బోనులో పెట్టి శాన్ డియాగో నుంచి న్యూయార్క్ పంపారు. అరిజోనా కొండల్లో విమానం కూలింది. పైలట్ మార్టిన్ జెన్సెన్ తన దగ్గరున్న సాండ్‌విచ్‌లు, నీళ్లు దానికి పెట్టి, సాయం కోసం నడుచుకుంటూ పోయాడు. రోజుల తర్వాత మనుషులొచ్చి చూస్తే సింహం బతికే ఉంది. నాకు అన్నిటికంటే స్లాట్స్ సంగతే మనసులో ఉండిపోయిందిరా. 1936లో పోయాడు. ట్రైనర్ ఫైఫర్ న్యూజెర్సీలో తన పొలంలోనే పూడ్చిపెట్టి, పైన ఒక రాయి పెట్టాడు. తోలేమో ఎక్కడో కాన్సాస్ మ్యూజియంలో. ఒళ్లు ఒకచోట, తోలు ఒకచోట. ఎందుకో మన సర్కస్ ముసలి సింహం గుర్తొచ్చింది. నువ్వు బిస్కెట్ విసిరితే వాసన కూడా చూడకుండా...

2021 నుంచి ఆ పొట్టిజూలు వాడూ లేడు. వాడి పోలికలతోనే కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. జూలులో వెంట్రుక వెంట్రుకా మెరుస్తుంది. పిల్లకి అదే నచ్చింది. నాకు నచ్చలేదు. కంప్యూటర్ బొమ్మ మీద పందెం ఏం కాస్తాం?

అన్నట్టు, కొన్ని టామ్ అండ్ జెర్రీల్లో సింహం అరిచాక అదే రింగులోంచి టామ్ తల పెట్టి మ్యావ్ మంటాడే, అది చూసి నువ్వు బెంచీ కింద దూరి, ట్యూషన్ అక్కయ్య వెనక... అయ్యో, పిల్లది చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, డాన్స్ క్లాసుకి టైమైంది. వస్తున్నానమ్మా! అక్కయ్య సంగతి ఈసారి రాస్తా. సోడాలు సంక్రాంతికి, పదకొండే, గుర్తుపెట్టుకో.

నీ
బక్కోడు (ఇప్పుడు కాదులే)