సుబ్బరంగా తిని సుబ్బరంగా పడుకో

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ముందు దానికి నన్ను క్షమించు. మామ్మ పోయిన కబురు తెలిసిన రోజు ఫోన్లో నీతో నాలుగు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేకపోయాను. తర్వాత రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోయేది. ఇవాళ మాత్రం ఆగను. చెప్పాల్సింది మామ్మ గురించే, నా పని గురించి కూడా. మొన్న గురువారం ఆ రెండూ ఒకటైపోయాయి.

మిగతా కబుర్లు గబగబా రాసేస్తాను. ఒంట్లో బాగానే ఉంది. డిసెంబరులో రాసిన ఎన్1, అదే జపనీస్ భాష పరీక్షలో అన్నిటికంటే పై మెట్టు, పోయింది. 180కి 100 రావాలి, నాకు 96 వచ్చాయి. జులైలో మళ్లీ రాస్తాను. ఇక్కడ జపాన్‌లో, ఈ హమమత్సులో చలికాలం గాలి సంగతి నీకు తెలుసుగా, సైకిలెక్కితే ముందుకి తొక్కుతున్నా వెనక్కే పోతున్నట్టుంటుంది. కాలవగట్టు పందెం గుర్తొస్తుంది. ఎవరు గెలిచారో మళ్లీ మొదలుపెట్టకు. గోంగూర ఇక్కడ దొరకదు. అంతే.

ఇక అసలు సంగతి. కొత్తగా చేరే విదేశీ కుర్రాళ్ల కోసం మా దగ్గర 12 పేజీల చిన్న పుస్తకం ఒకటి ఉంది. మెషీన్ల దగ్గర జాగ్రత్తలు, ఆరోగ్యం, గదిలో ఎలా ఉండాలి, అలాంటివి. ఈ ఊళ్లో బ్రెజిల్ వాళ్లు చాలామంది, వాళ్లకి పోర్చుగీసులో వేరే వేస్తారు. నేపాల్ నుంచీ ఇండోనేషియా నుంచీ వచ్చేవాళ్లు చదవడానికి జపనీస్ నుంచి ఇంగ్లీషులోకి మార్చే పని నాది.

ఆ 12 పేజీల్లో 'షిక్కరి' అనే మాట 17 సార్లు ఉందిరా! మనం మొదటి ఏడాదిలోనే నేర్చుకున్న మాట. డిక్షనరీలో ఎదురుగా ఉండేది 'ఫర్మ్‌లీ', అంటే గట్టిగా. భద్రతకి సంబంధించిన కాగితం కదా, ఒక మాటకి అంతటా ఒకే మాట ఉంటే చదివేవాడికి గందరగోళం ఉండదని 17 చోట్లా 'ఫర్మ్‌లీ' (ఒక్కచోట 'ఫర్మ్') పెట్టి ఇచ్చేశాను. ఇంగ్లీషు సరిచూసే ఆవిడ స్కాట్లాండ్ నుంచి వచ్చింది. గురువారం పొద్దున్నే కాగితాలు తిరిగొచ్చాయి. 17 చోట్లా పెన్సిల్‌తో సున్నాలు. తొమ్మిదో పేజీలో మాత్రం పక్కన ఒక ప్రశ్నార్థకం. అక్కడ నేను రాసింది 'ఫర్మ్‌లీ ఈట్ బ్రేక్‌ఫాస్ట్, ఫర్మ్‌లీ స్లీప్'.

వెళ్లి అడిగాను. ఆవిడ వ్యాకరణం ఏమీ చెప్పలేదు. "ఈ వాక్యం మీ ఇంట్లో ఎవరంటారు?" అంది.

బావా, ఆ ప్రశ్నకి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. మీ అరుగు మీద, కాళ్లు చాపుకుని, చేతిలో తాటాకు విసనకర్రతో... "సుబ్బరంగా తిని సుబ్బరంగా పడుకోండి, పొద్దున్నే పరీక్ష." ఇంటర్ పరీక్షల ముందు రాత్రి మామ్మ ఎన్నిసార్లు అంది ఆ మాట! మనం వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం, నువ్వు ఇరవై రెండు దగ్గర ఓడిపోయావు. నేను అక్కడ నిలబడలేకపోయాను. మెట్ల దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

చూడు, తినడం సుబ్బరంగా, పడుకోవడం సుబ్బరంగా, కాళ్లు కడుక్కోవడం సుబ్బరంగా, ఆఖరికి "సుబ్బరంగా చదువుకోక ఈ వెధవ పనులేంటి" అని తిట్టడం కూడా సుబ్బరంగానే. శుచికీ దానికీ కాళ్లు కడిగే చోట తప్ప సంబంధమే లేదు. ఏ పని చేసినా దాన్ని ఎలా చెయ్యాలో అలా, లోటు లేకుండా చెయ్యమని. షిక్కరి కూడా అచ్చంగా అదే! డిక్షనరీలో 'ఫర్మ్‌లీ' అని ఉన్నది ఆ మాటలో ఒక మూల మాత్రమే. మామ్మ మాటని 'క్లీన్‌లీ ఈట్' అని రాస్తే ఎంత తప్పో, నేను రాసిందీ అంతే తప్పు. ఆ మాట చిన్నప్పటినుంచి నా చెవిలో ఉంది, అయినా జపనీస్‌లో కనిపిస్తే గుర్తుపట్టలేదు. ఇన్నేళ్లు చదివి... సరే.

మధ్యాహ్నం కూర్చుని మొత్తం మళ్లీ రాశాను. ఇంగ్లీషువాడికి అన్ని పనులకీ సరిపోయే సుబ్బరంగా లేదురా. ఏ పనికి ఆ పని తన జతని వెతుక్కుంటుంది. బోల్టు బిగించడానికి 'సెక్యూర్లీ', చేతులు కడగడానికి 'థరోలీ', చెప్పేది వినడానికి 'కేర్‌ఫుల్లీ'. తిండీ నిద్రా వచ్చేసరికి అసలు క్రియా విశేషణమే మాయమైపోతుంది. 'ఈట్ ఎ గుడ్ బ్రేక్‌ఫాస్ట్', 'గెట్ ప్లెంటీ ఆఫ్ స్లీప్'. ఎలా తినాలో చెప్పే మాట వెళ్లి టిఫిన్ పక్కన విశేషణంగా కూర్చుంది! తలుపు దగ్గర 'మేక్ షూర్ ఇట్స్ షట్' అన్నాను, అక్కడా 'లీ' లేదు. చివరికి 'ఫర్మ్‌లీ' మిగిలింది ఒక్కచోట, మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోమనే వాక్యంలో.

మన జబ్బు ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. మనకి 'గా' ఉంది. నెమ్మదిగా, గట్టిగా, జాగ్రత్తగా, ఏ మాటకైనా తగిలించేస్తాం. అందుకే ఇంగ్లీషు రాసేటప్పుడు 'గా' వినిపించిన ప్రతిచోటా 'లీ' పెట్టేస్తాం. జపనీస్ వాళ్లకి 'కు', 'ని' ఉన్నాయి, వాళ్లూ ఇదే చేస్తారు. ఒక పేరాలో నాలుగు 'లీ'లు పడితే ఇంగ్లీషు చెవికి బరువు.

అదొక్కటే కాదు, నవ్వు సంగతి చూడు. ఇది తట్టినప్పుడు నేను బస్‌లో ఉన్నాను, గట్టిగా నీతో చెప్పాలనిపించింది. జపనీస్‌లో నవ్వడానికి క్రియ దాదాపు 'వరావు' ఒకటే, తేడా అంతా దాని ముందు వచ్చే మాటలో. కుసుకుసు అంటే ముసిముసిగా, గెరగెర అంటే పకపకా. మనమూ అంతే కదా, నవ్వు ఒకటే, కిలకిలా, ఫక్కున, ముసిముసిగా. ఇంగ్లీషులో ఆ ముందుమాట క్రియలోకే దూరిపోతుంది. 'గిగిల్' అంటే చాలు, 'గిగిల్' పక్కన ఇంకో 'లీ' పెడితే చెడిపోతుంది. కాళ్లీడ్చుకుంటూ నడవడం, 'తొబొతొబొ', అక్కడ 'ట్రడ్జ్'. తలుపు 'బతన్' అని మూసుకుంటే వాళ్లకి 'స్లామ్'.

పైగా ఆ 'బతన్' తర్వాత జపనీస్‌లో 'తొ' వస్తుంది చూడు, "వస్తానన్నాడు" అని జపనీస్‌లో చెప్పేటప్పుడు వచ్చే 'తొ' అదే! మనం 'ధడేల్‌మని' అంటాం, అందులో ఉన్నదీ 'అని' కదా. తలుపు ఏదో అన్నట్టుగా చెప్పేది మనమూ వాళ్లూ ఒకేలా. ఇది ఎవరూ నాకు చెప్పలేదు. తెలుగు వాడికి జపనీస్ నుంచి ఇంగ్లీషుకి వెళ్లే దారిలో మన ఇల్లు మధ్యలోనే ఉంది, ఇన్నాళ్లూ నేను దాన్ని దాటుకుంటూ పోయాను. 'వజవజ' కూడా అంతే, పనిగట్టుకుని అన్నమాట, మెచ్చుకోవడానికీ దెప్పడానికీ రెండింటికీ పనికొస్తుంది. వచ్చినందుకు థాంక్స్ చెప్పేచోట 'ఆల్ ది వే' అంటే సరిపోతుంది. 'సెక్కకు' ఒకటి ఉంది, దానికి మాత్రం ఇంకా... అది తర్వాత రాస్తాను.

పదకొండో పేజీ సంగతి చెప్పాలి. ఎవరైనా స్పృహ తప్పుతుంటే ఏం చెయ్యాలో ఉంది. పక్కన కూర్చుని 'షిక్కరి షితె కుదసాయ్' అంటూ ఉండమని. అదే షిక్కరి! మొదటిసారి నేను 'బీ ఫర్మ్' అని రాశాను. ప్రాణం పోతున్న మనిషితో ఎవరైనా అలా అంటారా? నీ ఉత్తరం బయటికి తీశాను. ఆటోలో మామ్మ చెయ్యి పట్టుకుని ఆస్పత్రి దాకా "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నానని రాశావు. ఆ పేజీకి కావలసింది అదేరా. 'స్టే విత్ మీ' అని రాశాను. ఆవిడ శుక్రవారం చూసి ఆ వాక్యం కింద చిన్న టిక్కు పెట్టింది. 17లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. దాన్ని నీ చేత్తో రాయించినట్టే అనుకుంటున్నాను. నువ్వు ఆ రోజు అన్నది ఈ ఊళ్లో ఎవరో ఒక కుర్రాడు ఎవరో ఒకరికి చెప్తాడు.

నువ్వు ఒక పని చెయ్యి. మామ్మ 'సుబ్బరంగా' ఎక్కడెక్కడ వాడేదో పిన్నినీ అత్తనీ అడిగి రాయి. వంటింట్లో వాడినవి నాకు అంతగా తెలియవు. పప్పు ఉడకడానికి కూడా అనేది కదా? ఆవకాయ కలిపేటప్పుడు ఏమనేది? ఒక్కో వాక్యం మొత్తం రాయి, మాట ఒక్కటే రాయకు, పక్కన ఏ పని ఉందో తెలియాలి.

ఇంకా అత్తకి చెప్పాల్సినది ఒకటుంది, మామ్మ ఇచ్చిన ఆ ఇత్తడి... అబ్బా, నాలుగు నలభై అయింది. ఇక్కడ పోస్టాఫీసు అయిదింటికి మూసేస్తారు, ఈ గాలిలో సైకిల్ మీద పావుగంట. వెళ్తున్నా.

నీ
బావ