బొమ్మ వేసిన చోటే బొమ్మ చూపించాం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు మాకు రెండు పనులు అప్పగించారు. నెలకో ఆదివారం బయటికి వెళ్ళి మన చుట్టుపక్కల ఊళ్ళని, కొండల్ని బొమ్మలు వేయాలి. వేసినవి జనానికి చూపించాలి. మొదటి పని రెండు నెలలు తప్ప చక్కగా సాగింది. ఒకసారి వాన ఆపేసింది, ఒకసారి పెళ్ళిళ్ళు. రెండో పని మాత్రం మనం అనుకున్నట్టు జరగలేదు, అంతకంటే బాగా జరిగింది. అందుకే ఈ నివేదికలో దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఏడాది మొదట్లో మహేంద్రతనయ ఒడ్డున కూర్చున్నాం. మహేంద్రగిరి కొండల్లో పుట్టి, ఒడిశాలోని మన ఊరు పర్లాకిమిడి పక్కగా పారి, ఆంధ్రా వైపు దిగి వంశధారలో కలిసే ఏరు. రోజూ వంతెన మీద నుంచి చూసేదే కదా అనుకున్నాం. నీళ్ళనగానే అందరం నీలం ట్యూబు మూత తీశాం. పొద్దున ఆరింటికి అక్కడ నీలమే లేదు. ఒడ్డు పక్క నీళ్ళు తడి ఇసుక రంగులో ఉన్నాయి, నడిమధ్య కొండ నీడ పడిన చోట నేరేడుపండు రంగు. ఎనిమిదింటికల్లా ఆ నేరేడు కాస్తా పోయి చెట్ల పచ్చ వచ్చి కూర్చుంది. అందుకే మన డ్రాయింగు మాస్టారు ఒక నియమం పెట్టారు: మొదటి పది నిమిషాల్లో నీడలన్నీ పెన్సిలుతో గీసేయాలి, ఆ తర్వాత ఎండ ఎటు జరిగినా వాటి జోలికి పోకూడదు. ఈ ఒక్క నియమంతో చాలామంది బొమ్మలు బాగుపడ్డాయి.

ఎండాకాలంలో వచ్చిన చిక్కు వేరు. ఆకాశానికి పల్చగా రంగు పూస్తుంటే కుంచె రెండో అంచుకి చేరేలోపే మొదటి అంచు ఆరిపోయి చారలు తేలేవి. కాగితాన్ని రెండు వైపులా తడిపి అట్ట మీద పరవడం నేర్చుకున్నాక కుదిరింది. మహేంద్రగిరి మీద దీనికి పూర్తిగా తలకిందులు. 1501 మీటర్ల ఎత్తు, మంచు మొహానికి తగులుతోంది, అరగంటైనా కాగితం ఆరదు. భీముడి గుడి ముందు కూర్చున్న ఒక సభ్యురాలి బొమ్మలో ఆకాశం రంగు మొత్తం జారి గుడి రాళ్ళ మీదికి దిగిపోయింది. ఆవిడ చింపేయబోతే మేం పట్టుకుని ఆపాం. నా లెక్కలో ఈ ఏడాది వేసిన వాటిలో అదే మేటి. మంచు ఆ గుడిని అచ్చంగా అలాగే మింగుతుంది.

ఇక ప్రదర్శన సంగతి. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూ, కొండల్లో ఉండే సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకి పుస్తకం తెచ్చిన మనిషి ఆయన. ఆ రోజు బొమ్మలు పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఒక హాలు మాట్లాడుకున్నాం, అడ్వాన్సు కూడా ఇచ్చాం. ముందు రోజు సాయంత్రం వాళ్ళు ఫోన్ చేసి వేరే కార్యక్రమం ఉంది, ఇవ్వలేం అన్నారు. ఆ రాత్రి పడిన టెన్షన్ కమిటీ వాళ్ళకి తెలుసు. అప్పుడు మన సభ్యుడొకరు, మా ఇంటి అరుగు ఉంది కదండీ, పైన రేకులు కూడా ఉన్నాయి అన్నారు. బజారుకి వెళ్ళే వీధి. బట్టలారేసే తాళ్ళు మూడు వరసలు కట్టి, క్లిప్పులతో బొమ్మలు తగిలించాం.

కిందటేడు హాల్లో పెట్టినప్పుడు వచ్చింది మన బంధువులు, మనం పిలిచిన పెద్దలు. అరుగు దగ్గర కూరల సంచితో ఆగినవాళ్ళు, సైకిలు దిగకుండానే ఒక కాలు మెట్టు మీద ఆన్చి చూసినవాళ్ళు, చంకలో పిల్లతో వచ్చిన అమ్మలు. ఎవరూ బాగుంది అని ఊరుకోలేదు. స్టేషను బొమ్మ దగ్గర ఒక పెద్దాయన చాలాసేపు నిలబడిపోయారు. 1900లో నౌపడ నుంచి మన ఊరికి వేసిన చిన్న లైను పెద్దదయ్యాక కూడా, ఆయన కళ్ళకి ఇంకా ఆ చిన్న బండే కనిపిస్తోంది. అది ఎక్కడ ఆగేదో బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. ఇంకొకాయన ఆకుమడి బొమ్మ చూసి, ఇది మా మడేనండి, కానీ ఇంత ముదురు పచ్చ ఉంటే నాట్లకి ఆలస్యం అయిపోయినట్టే అన్నారు. నిజమే. ట్యూబులో ఉన్న పచ్చని ఉన్నట్టుగా పూసేశాం. లేత నారుకి నిమ్మపసుపు ఎక్కువ, నీలం ఒక్క చుక్క.

ఆ సాయంత్రమే కమిటీ అరుగు మీద కూర్చుని నిర్ణయించుకుంది: ఇకపై ఏ ఊళ్ళో వేసిన బొమ్మని ముందు ఆ ఊళ్ళోనే చూపిస్తాం.

దాని ప్రకారం మొదట వెళ్ళింది కొండవార సవర పల్లెకి. రచ్చబండ దగ్గర రెండు చెట్ల మధ్య తాడు కట్టాం. ఒక ముసలాయన నా బొమ్మ ముందు నిలబడి, ఇదేం చెట్టు అని అడిగారు. జీలుగు చెట్టు తాతా అన్నాను. కాదు, నువ్వు గీసింది తాటి అన్నారు. నన్ను చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకెళ్ళారు. జీలుగాకు విసనకర్రలా విచ్చుకోదు. చీలి చీలి, ఒక్కో ముక్క చేప తోకలా కిందికి వేలాడుతుంది. పూగెలలు గుర్రం తోకల్లా బారుగా దిగుతాయి. కల్లు కుండ కట్టేది ఆ గెలకే, నేను గీసినట్టు మానుకి కాదు. నలభై ఏళ్ళుగా ఆ చెట్ల కింద నుంచే తిరుగుతున్నాను. ఒక్కసారీ తలెత్తి సరిగ్గా చూడలేదు. ఆ బొమ్మ దిద్దకుండా అలాగే ఉంచాను. పక్కన కొత్తది వేసి రెండూ కలిపి చూపిస్తాను.

అదే పల్లెలో ఒక ఇంటి లోపలి గోడ మీద ఎర్రమట్టి పూత పైన బియ్యప్పిండి తెలుపుతో గీసిన సవర చిత్రం ఉంది. కొందరు సభ్యులు దాన్ని చూసి వేసుకుంటామన్నారు. వద్దన్నాను. అది వాళ్ళు దేవతల కోసం, పెద్దల కోసం గీసుకున్నది, పూజ జరిగే గోడ. మనం ఆరుబయట కూర్చుని కొండని, ఇంటి చూరుని, పొలాన్ని వేసుకునేవాళ్ళం, ఆ గడప దాటాల్సిన పని లేదు. ఈ మాట నచ్చనివాళ్ళు ఉన్నారు, సమావేశంలో మాట్లాడుకుందాం.

పిల్లల తరగతులు వేసవి సెలవుల్లో జరిగాయి. కొండ గీయమంటే ప్రతి కాగితం మీదా రెండు త్రికోణాలు, మధ్యలో సూర్యుడు. అట్టముక్కకి కిటికీలా చిన్న కన్నం కోసి చేతికిచ్చి ఏటి గట్టు మీదికి తీసుకెళ్ళాం. కన్నంలో కనిపించిందే గీయాలి. రెండో రోజుకి త్రికోణాలు మాయమయ్యాయి. మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియంలో చదువుతున్నారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అందుకని ప్రతి బొమ్మ కింద ఊరు పేరు, చెట్టు పేరు రెండు లిపుల్లోనూ రాయిస్తున్నాం. ఒక పాప జీలుగు అని కూడబలుక్కుని చదివి వాళ్ళమ్మని పిలిచి చూపించింది.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలు. గుణుపురం వెళ్ళి వంశధార ఒడ్డున ఒక ఆదివారం గడపాలి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసి రావాలి. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన మనిషి ఎంత పని చేశాడో మన పిల్లలు కళ్ళారా చూడాలి. మూడోది, తాళ్ళూ క్లిప్పులూ కొత్తవి కొనాలి. ఆగస్టు గాలికి రెండు బొమ్మలు ఊడి కాలవలో పడ్డాయి.

హాలు వాళ్ళు అడ్వాన్సు తిరిగి ఇచ్చారు. ఆ డబ్బుతో కాగితాలు కొన్నాం. సవర పల్లె నుంచి తాత కబురు పంపారు, కల్లు కుండలు కట్టే రోజులు వచ్చాయట. వచ్చే ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బస్టాండు దగ్గర కలుద్దాం. నీళ్ళ సీసా, పీట, ఎవరి అట్ట వాళ్ళు తెచ్చుకోండి.

మీ కార్యదర్శి