హారన్‌కు కొలత కావాలి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ ఒకే ఒక్క డిస్క్ హారన్ బిగించి పంపుతుంది. బంపర్ వెనక మూలన ఉండే ఆ హారన్ మోత, అద్దాలు మూసుకుని ముందు వెళ్తున్న లారీ డ్రైవరు చెవిన పడదు. అందుకే జనం హారన్ మారుస్తున్నారు. అందులో తప్పు లేదు. ఎంతవరకు మార్చవచ్చో, ఎలా బిగించాలో చెప్పే నిబంధన మాత్రం వాళ్ళకు అందేలా లేదు. అది రాయించమని అడగడానికే ఈ లేఖ.

ముందుగా హారన్ డబ్బాల మీది అంకెలు. 118 డెసిబెల్స్ అనో 150 అనో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంత దూరంలో కొలిచారో ఉండదు. దూరం చెప్పని డెసిబెల్ అంకెకు అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది కాబట్టి, 2 మీటర్ల దగ్గర 118 పలికిన హారన్ 7 మీటర్ల దగ్గర 107కు దిగుతుంది. ఐక్యరాజ్యసమితి 28వ నంబరు వాహన నిబంధన అందుకే రెండు హద్దులు పెట్టింది. కారు హారన్‌ను విడిగా 2 మీటర్ల దూరాన కొలిస్తే 118 దాటకూడదు. బండికి బిగించాక, ముందు 7 మీటర్ల దూరాన 112 దాటకూడదు. మోత ఆగకుండా ఒకే తీరుగా రావాలి కూడా. కొలిచిన దూరం, వోల్టేజీ, లాగే కరెంటు, స్వరం హెర్ట్జ్‌లలో, ఈ నాలుగూ లేని డబ్బాను అమ్మనివ్వకండి.

ఇక వైరింగ్. అసలు నష్టం జరిగేది ఇక్కడే. కంపెనీ హారన్ సాధారణంగా 3 నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. దాని స్థానంలో 400, 500 హెర్ట్జ్‌ల దగ్గర పలికే జంట హారన్లు పెడితే లోడు 10 ఆంపియర్ల దాకా పోతుంది. కంప్రెసర్‌తో నడిచే ఎయిర్ హారన్ అయితే 15 కూడా దాటవచ్చు. కొన్ని బండ్లలో ఈ కరెంటంతా స్టీరింగ్ తిరిగినా కనెక్షను తెగకుండా ఉంచే సన్నటి చుట్ట, అంటే క్లాక్ స్ప్రింగ్ గుండానే పోవాలి. కొత్త బండ్లలో చాలావరకు హారన్‌ను ఎలక్ట్రానిక్ మాడ్యూలే నడుపుతుంది. పాత వైర్లకే జంట హారన్లు తగిలిస్తే ఒకచోట కాంటాక్టు కాలుతుంది, ఇంకోచోట మాడ్యూలు పోతుంది. ఫ్యూజు ఎగిరిపోతోందని 10 తీసి 30 వేసేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. పైగా సన్నవైరు మోతనూ తినేస్తుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 4 మీటర్ల పొడవున 10 ఆంపియర్లు మోస్తే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. 2.5 వైరులో పోయేది పావు వోల్టుకు కాస్త ఎక్కువ.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. నాలుగు కాళ్ళ రిలే ఒకటి కావాలి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, దాని కాళ్ళకు నంబర్లు ఉంటాయి. కంపెనీ హారన్‌కు వచ్చే రెండు వైర్లూ రిలే 85, 86 కాళ్ళకు వెళ్ళాలి. ఒకే వైరు ఉండి బ్రాకెట్ ద్వారా ఎర్త్ అయ్యే హారన్ అయితే, ఆ వైరు ఒక కాలికి, రెండో కాలు బాడీ ఎర్త్‌కు. రిలేలో డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగం) ఉంటే ప్లస్ ఏ కాలికో దాని మీది బొమ్మ చూసి కలపాలి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 వైరు లాగి, బ్యాటరీకి జానెడు లోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి 30వ కాలికి ఇవ్వాలి. 87వ కాలి నుంచి రెండు హారన్లకూ అదే మందం వైరు. ఎర్త్ వైరు కూడా అంతే మందం ఉండాలి, పెయింటు గీకిన ఇనుము మీద బిగించాలి. ఐదు కాళ్ళ రిలేలో పొరపాటున 87ఏ కాలికి (హారన్ నొక్కకముందే 30తో కలిసి ఉండేది) హారన్ కలిపితే, బ్యాటరీ తగిలించిన క్షణం నుంచే మోగుతూ ఉంటుంది. కంపెనీ వైరు కోయకుండా సరిపోయే కనెక్టరు వాడితే, రేపు పాత హారన్ తిరిగి పెట్టుకోవచ్చు.

బిగింపులోనూ తప్పులు తక్కువేం కాదు. డిస్క్ హారన్‌ను దాని ఉక్కు పట్టీ మీదే నిలపాలి. పట్టీ తీసేసి నేరుగా బాడీకి బిగిస్తే మోత మొద్దుబారుతుంది. డిస్క్ దేనికీ తగలకూడదు. నత్తగుల్ల ఆకారపు హారన్ నోరు కిందికి వంగి ఉండాలి, లేకపోతే మొదటి వానకే నీళ్ళు నిలిచి గొంతు పోతుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సరు బోల్టుకు హారన్ తగిలించడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకూడని పని.

కొత్తది కొనకముందు చూడాల్సిందీ ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగా హారన్ నొక్కి, హారన్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటరుతో కొలవాలి. అదే సమయాన బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే అర వోల్టుకు మించి తక్కువ చూపితే, లోపం తుప్పుపట్టిన కనెక్టరుదో ఎర్త్‌దో కావచ్చు. ఇసుక కాగితంతో రుద్దితే పాత గొంతే తిరిగి రావచ్చు.

మంత్రి గారూ, ఫిట్‌నెస్ తనిఖీలో హారన్ మోగిందా లేదా అని ఒక్కసారి నొక్కి వదిలేస్తే సరిపోదు. 7 మీటర్ల దూరాన సౌండ్ మీటరు పెట్టి కొలవండి. బానెట్ ఎత్తి రిలే, ఫ్యూజు, వైరు మందం చూడండి. ఈ మూడూ సరిగా ఉండి మోత హద్దులో ఉన్న బండిని, హారన్ కంపెనీది కాదన్న ఒక్క కారణంతో తిప్పి పంపవద్దని ఇన్‌స్పెక్టర్లకు రాతపూర్వకంగా చెప్పండి. హద్దు దాటినవాటిని, రాగాలు తీసేవాటిని అక్కడికక్కడే తీయించండి. వైరింగ్ పటం ఒక పేజీలో గీయించి ప్రతి హారన్ డబ్బాలో పెట్టించండి. ఆ పటం గీసిచ్చే పని మేము చేస్తాం.

ఇట్లు,
వాహనాల ఎలక్ట్రికల్ పని చేసే మేము